సర్వీసు స్టాంపుల వెంట ఓ ఏడాది: మన సంఘం వార్షిక నివేదిక, 2025-26

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో మనం ఒక తీర్మానం చేసుకున్నాం. ఎవరికి తోచిన దేశం స్టాంపులు వాళ్లు పోగేసుకోవడం ఎలాగూ ఉంటుంది, సంఘం తరఫున మాత్రం ఈ ఏడాది సర్వీసు స్టాంపుల మీదే పడదామని. అంటే ప్రభుత్వ ఆఫీసులు తమ ఉత్తరాలకు మాత్రమే అంటించుకోవడానికి వేసిన తపాలా బిళ్లలు. మామూలు జనం వాడటానికి లేనివి. ఈ నివేదికలో ఎక్కువ భాగం ఆ కథే. మిగతావి చివర్లో నాలుగు ముక్కల్లో చెప్తాను.

మే నెలలోనే దెబ్బ తిన్నాం కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. ఆన్‌లైన్ వేలంలో విక్టోరియా రాణి బొమ్మతో, మీద నల్లగా "సర్వీస్" అని అచ్చున్న ఒక చిన్న స్టాంపు కనిపించింది. 1866 నాటిదని రాశారు. 2,400 రూపాయలకు పాడాం, మనకే వచ్చింది. తీరా నెలవారీ సమావేశంలో పదిరెట్ల భూతద్దం కింద పెడితే విషయం బయటపడింది. అసలు స్టాంపయితే "సర్వీస్" అచ్చు ముందు పడుతుంది, ఆఫీసువాళ్లు దాన్ని కవరు మీద అంటించాక పోస్టాఫీసు ముద్ర పడుతుంది. కాబట్టి ముద్ర సిరా పైన ఉండాలి, అచ్చు కింద ఉండాలి. మన దాంట్లో ముద్ర గీత "వి" అక్షరం దాకా వచ్చి దాని కిందకి దూరిపోయింది. అక్షరం నిగనిగలాడుతోంది, ముద్ర వెలిసిపోయి ఉంది. ఎవరో వాడేసిన మామూలు స్టాంపు తెచ్చి, మీద ఈ మధ్యే అచ్చు కొట్టారన్నమాట. అమ్మినవాళ్లకి రాస్తే తిరిగి పంపే గడువు దాటిపోయిందన్నారు. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయను. తప్పు మనదీ ఉంది. పార్సిల్ వచ్చిన రోజు చూడకుండా నెలాఖరు సమావేశం దాకా బీరువాలో పెట్టుకున్నాం. ఇప్పుడు ఏది వచ్చినా మర్నాటికల్లా ఇద్దరు సభ్యులు చూసి సంతకం పెట్టాలన్న నియమం పెట్టుకున్నాం.

జూలైలో పార్వతీపురం మాస్టారు ఈ స్టాంపుల గురించి రెండు గంటలు చెప్పారు. మధ్యలో టీ రెండుసార్లు తిరిగింది. 1866 ఆగస్టు 1న బ్రిటిష్ ఇండియాలో ఇవి మొదలయ్యాయి. ఉన్న స్టాంపుల మీదే కలకత్తాలోని మిలిటరీ ఆర్ఫనేజ్ ప్రెస్‌లో అచ్చు వేయించారు. పన్ను వసూలుకు వాడే బిల్లు స్టాంపుల పై అంచూ కింది అంచూ కత్తిరించి, ఆకుపచ్చ సిరాతో అచ్చు కొట్టి తపాలాకి వాడినవీ ఉన్నాయి. 1874 నుంచి "ఆన్ హెచ్.ఎం.ఎస్." అని వేశారు, రాణిగారి పని మీద అని. తిరువాన్కూరులో "ఆన్ ఎస్.ఎస్." (సర్కార్ సర్వీస్), కొచ్చిన్‌లో "ఆన్ సి.జి.ఎస్." (కొచ్చిన్ గవర్నమెంట్ సర్వీస్), నిజాం రాజ్యంలో ఉర్దూలో "సర్కారీ". పేరుకి మనవి సర్కారు జిల్లాలు, సర్కారీ స్టాంపులు మాత్రం నిజాం వారివి! విజయనగరం రాజులు స్టాంపులు వేయలేదా అని కొత్త సభ్యులు ఏటా అడుగుతారు. వేయలేదు. మనది జమీందారీ, ఇక్కడ నడిచింది బ్రిటిష్ ఇండియా తపాలాయే. స్వాతంత్ర్యం వచ్చాక 1950 అక్టోబరు 2న అశోక స్తంభం సింహాలతో, "సర్వీస్" అన్న మాట బొమ్మలోనే కలిపి కొత్తవి వేశారు. అవి మనలో చాలామంది దగ్గర గుప్పెళ్లకొద్దీ ఉన్నాయి. విలువ పెద్దగా లేదు, ఆశ పెట్టుకోకండి.

ఆశ పెట్టుకునేది ఇంకొకటుంది. 1948 ఆగస్టు 15న గాంధీజీ స్టాంపులు నాలుగు వచ్చాయి: అణాన్నర, మూడున్నర అణాలు, పన్నెండు అణాలు, పది రూపాయలు. స్విట్జర్లాండులోని కూర్వోయిజియే వాళ్లు అచ్చు వేశారు. వాటిలో ఒక్కో రకం వంద చొప్పున తీసి, గవర్నర్ జనరల్ కార్యాలయం వాడకానికని "సర్వీస్" అని అచ్చు వేయించారు. అప్పటి గవర్నర్ జనరల్ రాజాజీ. వందలో చాలావరకు కవర్ల మీద అంటుకునీ, చెత్తబుట్టలో పడీ పోయాయి. పది రూపాయలది నాలుగు బిళ్లలు కలిసి ఉన్న పట్టీ 2017లో లండన్ స్టాన్లీ గిబ్బన్స్ ద్వారా 5 లక్షల పౌండ్లకు, అంటే నాలుగు కోట్ల రూపాయలకు పైనే, ఒక ఆస్ట్రేలియా సేకరణదారు చేతికి వెళ్లింది.

సెప్టెంబరులో నరసన్నపేట సభ్యుడు రాత్రి పదింటికి ఫోన్ చేశారు. ఆ పది రూపాయల "సర్వీస్" బిళ్ల ఆన్‌లైన్‌లో 35 వేల నుంచి పాటకు పెట్టారట. "ఏటి మాస్టారూ, ఇల్లు తాకట్టెట్టేద్దునా?" అన్నారు. ఆయన సరదాకే అన్నా గొంతులో టెన్షన్ వినబడుతూనే ఉంది. ఫొటో పెద్దది చేసి చూశాం. మళ్లీ అదే జబ్బు, ముద్ర మీద అచ్చు. నిపుణుల కమిటీ సర్టిఫికెట్ ఉందా అని అడిగితే "ఉన్నది ఉన్నట్టే అమ్మకం" అని జవాబు. మే నెలలో పోయిన 2,400 ఆ రాత్రి వసూలైనట్టే లెక్క.

ఇక నవంబరు వేలం. దీని మీద సభ్యుల ఆమోదం కావాలి, అందుకని దాచకుండా చెప్తున్నాను. ఆరు కవర్లు కలిపి ఒకే లాటుగా వచ్చాయి. ప్రతి దాని మీదా అరణా నీలం బిళ్ల, "ఆన్ హెచ్.ఎం.ఎస్." అచ్చు, దాని పైన శుభ్రంగా గుండ్రటి ముద్ర: చికాకోల్. మన శ్రీకాకుళమే. ఉత్తరాలన్నీ ఛత్రపురంలోని కలెక్టరు ఆఫీసుకు. 1936లో ఒడిశా వేరయ్యేదాకా శ్రీకాకుళం గంజాం జిల్లాలోనే ఉండేది, కలెక్టరు మకాం ఛత్రపురం. కార్యవర్గం 6,000 దాకా పాడమంది. పాట 3,000 దగ్గర మొదలై ఆరు దాటిపోయింది. కంప్యూటరు ముందు నలుగురం కూర్చున్నాం. "ఇంకొక్క మెట్టెక్కితే పోద్దేటి?" అన్నారొకరు. అలా మూడు నాలుగు మెట్లెక్కాం. 9,000కి మన పేర కొట్టేశారు. దాని మీద వేలం సంస్థ ప్రీమియం 15 శాతం, అంటే 1,350. జీఎస్టీ, పోస్టు ఖర్చు మరో 630. మొత్తం 10,980. కోశాధికారి గారు వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆయన కోపం న్యాయమే. పాటలో కనిపించే ధర చేతికొచ్చే ధర కాదని తెలిసీ కూడా వేడిలో మర్చిపోయాం.

అయినా నా అభిప్రాయం చెప్తాను. అవి కాకుండా ఆ డబ్బుతో ఇంకేది కొన్నా నాకింత తృప్తి ఉండేది కాదు. ఒక కవరు వెనక పెన్సిలుతో, తెలుగు అంకెల్లో, ఎవరో గుమాస్తా వేసుకున్న లెక్క ఉంది: బియ్యం, చింతపండు, ఆముదం. చివర కూడిక తప్పు! రాణిగారి పని మీద వెళ్లిన కవరు మీద ఇంటి సరుకుల లెక్క. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కదా, ఈ కవర్లు కూడా స్పీడ్ పోస్టులోనే వచ్చాయి. రిజిస్ట్రేషన్ చీటీలు సేకరించే మన సభ్యులిద్దరికీ అదొక చావు వార్త.

వానాకాలంలో అయిదుగురి ఆల్బమ్‌లకు తేమ పట్టింది. బంక కరిగి బిళ్లలు పేజీకి అతుక్కున్నాయి, గోధుమరంగు మచ్చలు లేచాయి. సిలికా జెల్ పొట్లాలు, బటర్ పేపరు సంఘమే కొని పంచింది. ఒకరు భద్రంగా ఉంటాయని లామినేషన్ చేయించారు. వాటి గురించి మాట్లాడుకోవద్దని ఆయనే కోరారు.

స్టాంపుల సేకరణలో ఆసక్తి ఉండి ఎంపికైన 6 నుంచి 9 తరగతుల పిల్లలకు తపాలా శాఖ దీన్‌దయాళ్ స్పర్శ్ పథకం కింద ఏడాదికి 6,000 రూపాయల స్కాలర్‌షిప్ ఇస్తుంది. రెండు బడుల్లో పిల్లలకు ఆ సంగతి చెప్పి వచ్చాం. సిరిమానోత్సవం వారంలో పెట్టాలనుకున్న ప్రదర్శన మాత్రం హాలు దొరక్క ఆగిపోయింది.

లెక్కలు: నిరుటి నిల్వ 14,260. చందాలు 38 మందివి, ఒక్కొక్కరివి 500 చొప్పున 19,000. ఖర్చులు: కవర్లు 10,980, ఆ నకిలీ బిళ్ల 2,400, టీ టిఫిన్లు 4,150, సిలికా జెల్, బటర్ పేపరు, ఆల్బమ్‌లు 3,300. చేతిలో నిల్వ 12,430. నకిలీ బిళ్లను పారేయలేదు. కొత్తవాళ్లకు చూపించడానికి విడిగా ఉంచాం.

తీర్మానించాల్సినవి రెండు. హద్దు దాటి పాడిన మూడు వేలకూ, పైన పడ్డ ఖర్చులకూ ఆమోదం. ఇకపై పాటలో కూర్చునేవాళ్లలో కోశాధికారి గారు తప్పకుండా ఒకరుగా ఉండాలన్న నియమం. రెండోది ఆయనే ప్రతిపాదించారు, నేను బలపరుస్తున్నాను.

ఆరు కవర్లూ సమావేశం రోజు బల్ల మీద పెడతాం. చూడదలచినవాళ్లు టిఫిన్‌కి ముందే రండి, లేదా చేతులు కడుక్కుని రండి.

ఇట్లు,
కార్యదర్శి