నాన్నా, విల్లో కొమ్మ సూట్‌కేస్‌ల రాదు

నాన్నా,

నువ్వు వాట్సాప్‌ల పెట్టిన వాయిస్ మెసేజ్ విన్న, అమెరికా నుంచి వచ్చేటప్పుడు ఇక్కడి చెరువు కాడి విల్లో, అదే కొమ్మలు కిందికి వేలాడే చెట్టు, దాని కొమ్మ ఒకటి మన ఇంట్ల నాటనీకి తెమ్మన్నవ్, పక్కనుంచి అమ్మ "ఒక్క కొమ్మ పెట్టుకొస్తే ఏం పోతది" అనుడు కూడా మంచిగ వినపడ్డది. ఫోన్ల చెప్తే మధ్యలనే అడ్డుపడ్తవ్, అందుకే రాస్తున్న, కూర్చొని చదువు.

ముందు కొమ్మ సంగతి. మన దేశానికి మొక్కలు తేవడానికి 2003 ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ అని ఒకటుంది, ముందుగాల ఇంపోర్ట్ పర్మిట్ తీసుకోవాలె, ఇక్కడి నుంచి రోగాలు పురుగులు లేవని సర్టిఫికెట్ తేవాలె, ఇవేం లేకుండ చీరల మధ్యల చుట్టుకొని వస్తే శంషాబాద్‌ల పట్టుకుంటే నా పరువు పోతది. పట్టుకోకపోయినా తేను, ఎందుకో కింద చెప్తున్న.

నువ్వు ఇక్కడికొచ్చి ఆ విల్లో కింద కుర్చీ వేసుకొని కూర్చున్నది జూన్‌ల. చెరువు నిండుగ, కొమ్మలు నీళ్ల మీదికి వేలాడుతుంటే ఎవలికైనా నచ్చుతది. మార్చిల కొలంబస్‌ల మిగతా చెట్లన్నీ మోడు లెక్కనే ఉంటయ్, ఇదొక్కటే పసుపు పచ్చగ చిగురేస్తది, ఆకులు రాల్చుడు కూడా అందరికన్నా ఆఖరుకు. నువ్వు వాపసు పోయినంక జూలైల జపనీస్ బీటిల్స్ వచ్చినయ్, రాగి రంగు రెక్కల పురుగులు, ఆకుల ఈనెలు మాత్రం వదిలిపెట్టి అంతా తిన్నయ్. గాలి వీచినప్పుడల్లా పుల్లలే పుల్లలు, గడ్డి మిషన్ తోలే ముందు బకెట్ పట్టుకొని ఏరాలె, మీ అల్లుడు ఏరుకుంట గొణుగుతనే ఉంటడు. కట్టె మెత్తన కదా, చలికాలం మంచువాన పడి కొమ్మల మీద గడ్డకట్టిందంటే ఆ బరువుకి ఫట్‌మని చీలుతది.

ఇంక వేర్లు. ఎదురింట్ల ఒక పెద్దాయన ఉంటడు, వాళ్లది పాత ఇల్లు, మట్టి పైపుల డ్రైనేజీ. బాత్‌రూమ్‌ల నీళ్లు వెనక్కి తంతున్నయని ప్లంబర్‌ని పిలిస్తే అతను పైపులకి కెమెరా పంపిండు, చిన్న స్క్రీన్ల మేం కూడా చూసినం నాన్నా, జాయింట్ కాడ సన్నటి ఎర్ర వేర్లు జొరబడి లోపల జడ అల్లినట్టు అల్లుకొని ఉన్నయ్, నీళ్లు పోవడానికి సందే లేదు. గట్టి పైపుని పగలగొట్టుకొని పోవు గాని, ఎక్కడ జర తడి కారితే అక్కడికి వెతుక్కుంట పోతయ్. అందుకే ఇల్లుకి, పైపులకి 50 అడుగుల దూరం ఉండాలంటరు. మన వనస్థలిపురం ఇంట్ల గేటు పక్కన సంపు, ఆ పక్కన బోరు, గోడ పొంటి మోరీ, 50 అడుగులు యాడికెల్లి తెస్తవ్? 200 గజాల ప్లాటు, వెడల్పే 30 అడుగులు, ఈ చెట్టు మంచిగ పెరిగిందంటే గొడుగే 35 అడుగుల పైన ఉంటది. పక్కింటి ఆంటీ ఇప్పటికే మన మునగాకు వాళ్ల వాకిట్ల పడుతుందని మొహం మాడ్చుకుంటది.

నీళ్ల సంగతి నీకు నేను చెప్పాల్నా, కృష్ణా నీళ్లు రోజు మార్చి రోజు, మే నెలల బోరు గాలి కక్కుతది, ట్యాంకర్ కోసం ఫోన్లు. దీనికేమో నేల ఆరనే కూడదు. దీని సొంతూరు ఉత్తర చైనా, చలికి పండుకొని లేచే చెట్టు, మన 42 డిగ్రీల ఎండల ఆకు అంచులు మాడిపోతయ్.

అయినా నీకు పట్టుదల ఎక్కువ, నాకు తెలుసు. అంతగ కావాలంటే ఇబ్రహీంపట్నం దిక్కు పెద్దనాన్న పొలంల కుంట గట్టు ఉంది కదా, అక్కడ పెట్టుండ్రి. మొక్క మాత్రం నెక్లెస్ రోడ్డు నర్సరీ మేళాల అడిగి కొను, బోర్డు మీద పేరు నమ్మకు, ఆకు చూడు: సన్నగ పొడుగ్గ, కింది దిక్కు జర బూడిద రంగుల ఉండాలె. తొలకరి వానలకి నాటండ్రి, ఎండ తగిలే చోటు, పక్కన కర్ర పాతి ఒక్క కొమ్మనే నిటారుగ పైకి కట్టుండ్రి, లేకుంటే చిన్నప్పటినుంచే నేల మీద పాకుతది. మొదటి రెండెండాకాలాలు పెద్దనాన్న రోజూ నీళ్లు పట్టాలె, చెట్టు చుట్టూ ఎండుగడ్డి పరవాలె కాని కాండానికి తాకనియ్యొద్దు, కుళ్లుతది. కత్తిరించుడు జనవరిల. బతుకుతదని గ్యారంటీ నేనియ్యను. బతికినా 30 ఏళ్లు దాటితే ముసలిదైనట్టే.

కొమ్మ నాటుడైతే దీనంత ఈజీ ఇంకోటి లేదు. ఇక్కడ ఫిబ్రవరిల కత్తిరించిన వాటిల పెన్సిల్ మందం పుల్ల ఒకటి కిచెన్ కిటికీ కాడ గ్లాసు నీళ్లల వేస్తే, కొన్ని రోజులకి బెరడు మీద తెల్లటి బుడిపెలు లేచినయ్, తర్వాత బెరడుని చీల్చుకొని వేర్లు. పిల్లలు పొద్దున బ్రష్ చేసుకుంటనే వచ్చి చూసేటోళ్లు.

ఇంకొకటి, నువ్వు రాత్రి వేసుకునే ఆస్పిరిన్ గోళీ కథ కూడా ఈ జాతి చెట్టు కాడనే మొదలైంది. 1763ల ఎడ్వర్డ్ స్టోన్ అని ఇంగ్లండ్ పాస్టర్ ఒకాయన విల్లో బెరడు పొడి జ్వరానికి పనిచేస్తుందని రాయల్ సొసైటీకి ఉత్తరం రాసిండు, 1897ల బేయర్ కంపెనీల ఆస్పిరిన్ తయారు చేసిండ్రు. ఇది ఎందుకు చెప్తున్ననంటే, యూట్యూబ్‌ల చూసి నువ్వు బెరడు కషాయం మొదలుపెట్టొద్దు, డాక్టర్ ఇచ్చిన గోళీ చాలు.

మన ఇంటికి మాత్రం వీపింగ్ బాటిల్ బ్రష్ పెట్టు. కొమ్మలు అట్లనే వేలాడుతయ్, ఎర్ర పూలు బ్రష్ లెక్క పూస్తయ్, ఆస్ట్రేలియాది కాబట్టి ఎండకి ఓర్చుకుంటది, తేనెపిట్టలు వస్తయ్. అమ్మకి విల్లోనా బ్రష్షా అనే ఫికర్ ఉండదు, గేటు కాడ ఏదో ఒకటి వేలాడాలె అంతే.

సంపు మూత కాడ్నుంచి కాంపౌండ్ గోడ దాకా ఎన్ని అడుగులుందో టేపుతో కొలిచి ఫోటో పెట్టు, గుంత యాడ తియ్యాల్నో అప్పుడు చెప్తా. నీ షుగర్ రిపోర్ట్ కూడా పెట్టు, రెండు వారాలైంది అడిగి.

నీ బిడ్డ