తెర అడుగున రెండు లైన్లు: కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

మంత్రిగారికి నమస్కారం.

మీరు ఒడిశా నుంచి రాజ్యసభకు ఎన్నికైనవారు. రాజకీయాల్లోకి రాకముందు బాలేశ్వర్, కటక్ జిల్లాల్లో కలెక్టరుగా చేశారు. కాబట్టి మా గజపతి జిల్లాలోని పర్లాకిమిడి ఎక్కడుందో మీకు చెప్పనక్కర్లేదు. రైల్వే శాఖ కూడా మీదే గనక నౌపడ నుంచి గుణుపురం వెళ్లే లైను సంగతీ తెలిసే ఉంటుంది. ఒకప్పుడు అది నేరోగేజ్. సినిమా రీళ్ల బాక్సులు ఆ బుల్లి రైల్లోనే వచ్చేవని మా మేనమామ చెప్పేవాడు. బాక్సు దిగిందంటే చాలు, కుర్రాళ్లు హాలు దాకా దాని వెనకే నడిచేవాళ్లట. ఇప్పుడు లైను బ్రాడ్‌గేజ్ అయింది, బాక్సులు పోయి సినిమా శాటిలైట్ మీద దిగుతోంది. రైలు గురించి అడగాల్సినవి వేరే ఉన్నాయి గానీ అవి ఇంకో ఉత్తరంలో.

నేను గజపతి జిల్లాలో ఒడియా మీడియం స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన తెలుగు టీచర్ని. ఈ ఉత్తరంలో అడిగేది ఒక్కటే. గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ఆడే తెలుగు సినిమాకి తెర అడుగున తెలుగులో ఒక లైను, ఒడియాలో ఒక లైను సబ్‌టైటిల్స్ వేయించండి. సరిహద్దుకి అటువైపు శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో ఒడియా సినిమా ఆడేలా చూసి, దానికీ అలాగే వేయించండి.

2023 మార్చిలో 'నాటు నాటు'కి ఆస్కార్ వచ్చిన రోజు మా వీధిలో మిఠాయిలు పంచినవాళ్లలో తెలుగువాళ్లెవరో ఒడియావాళ్లెవరో తేల్చడం కష్టం. 2025 మేలో మీ శాఖ ముంబైలో వేవ్స్ సదస్సు పెట్టి, భారతీయ సినిమా ప్రపంచమంతా వెళ్లాలని చెప్పింది. బాగుంది, వెళ్లాలి. అయితే ఇంతకుముందు వెళ్లినవి ఎలా వెళ్లాయో కూడా చూడండి. 1954లో సోవియట్ యూనియన్‌లో 'ఆవారా' విడుదలైతే రాజ్‌కపూర్ తెర మీద రష్యన్‌లో మాట్లాడాడు. 1998లో రజనీకాంత్ 'ముత్తు'ని, 2022లో 'ఆర్‌ఆర్‌ఆర్'ని జపాన్‌వాళ్లు జపనీస్ సబ్‌టైటిల్స్‌తో చూశారు. టోక్యోలో టికెట్ కొన్నవాడికి తెలుగు ముక్క రాకపోయినా ఏ డైలాగూ తప్పిపోలేదు. పర్లాకిమిడి నుంచి పాతపట్నం ఆటోలో వెళ్లి వచ్చేస్తాం. ఆ కాస్త దూరానికే మన సినిమాకి భాష అడ్డం పడుతోంది.

పోస్టర్ మీద పాన్ ఇండియా అని వేస్తారు. కింద చూస్తే తెలుగు, హిందీ, తమిళం, కన్నడం, మలయాళం ఉంటాయి. ఈమధ్య ఒకటీ అరా సినిమాలకి బెంగాలీ కూడా చేరింది. ఒడియా ఉండదు. ఒడియావాళ్లు హిందీ డబ్బింగ్ చూసుకుంటారులే అన్న లెక్క. నిర్మాతని తప్పు పట్టను, డబ్బు పెట్టినవాడు రాబడి ఉన్న చోటే చూసుకుంటాడు. కానీ మా దగ్గర చాలా హాళ్లలో ఆడేది తెలుగు వెర్షనే. హాలు నిండితే అందులో ఒడియావాళ్లు బోలెడుమంది ఉంటారు.

వాళ్లెలా చూస్తారో చెప్తాను. ఓ సంక్రాంతికి సరిహద్దు దాటి సినిమాకెళ్లాం. మా ముందు వరుసలో ఒక ఒడియా మౌసీ, పక్కన ఆవిడ కోడలు. కోడలు తెలుగింటి పిల్ల. డైలాగ్ పడగానే మౌసీ "కణొ కహిలా?" అంటుంది, ఏమన్నాడూ అని. కోడలు గొంతు తగ్గించి ఒడియాలో చెప్తుంది. అటూ ఇటూ కూర్చున్నవాళ్లు కూడా చెవులు అటే వేశారు. ఇంక హాల్లో నవ్వు రెండు విడతలుగా వచ్చేది, ముందు తెలుగువాళ్లది, కాసేపటికి మౌసీ బృందానిది. ఓ చోట కమెడియన్ ఒక బూతు ముక్క అన్నాడు. హాలు గొల్లుమంది. మౌసీ అడిగింది. కోడలు తల దించుకుని "ఏం లేదు, ఊరికే అన్నాడు" అంది. మౌసీ నమ్మలేదు. ఇంటర్వెల్ దాకా అడుగుతూనే ఉంది.

సినిమా సమాజాన్ని కలుపుతుందని పెద్దవాళ్లు ఉపన్యాసాల్లో చెప్తుంటారు. మా దగ్గర ఆ కలిపే పని కోడళ్లు చేస్తున్నారు, అదీ ఉచితంగా.

ఇక తెలుగు లైను ఎందుకు, తెలుగువాళ్లకి తెలుగు వినిపిస్తూనే ఉంది కదా అంటారేమో. నిజానికి నా బాధ ఎక్కువగా దీని గురించే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఊరు ఇటు వచ్చింది, ఎస్టేటులో కొంత భాగం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. ఇటు ఉన్న మా పిల్లలు ఒడియాలో చదువుకుంటారు. బతుకుతెరువుకి అది అవసరం, నేనేమీ కాదనను. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, హీరో డైలాగులు మొదటి నుంచి చివరిదాకా అప్పజెప్తారు. తెలుగు అక్షరం ముందు పెడితే మాత్రం బిక్కమొహం వేస్తారు. మా వీధి కుర్రాళ్లు తమ తెలుగు హీరో పుట్టినరోజుకి ఫ్లెక్సీ కట్టారు. ఫొటో, పూలదండలు, సింహం బొమ్మ అన్నీ ఉన్నాయి. శుభాకాంక్షలు ఒడియా లిపిలో. చదివితే తెలుగే, "జన్మదిన శుభాకాంక్షలు అన్నా" అని! తెలుగు అక్షరాలు వేయించుకుంటే తప్పో ఒప్పో చూసుకోలేమని భయపడ్డారట.

ఈ పిల్లలకి మిగిలిన తెలుగు బడి సినిమా ఒక్కటే. అందులో పలకా బలపం లేవు.

దీనికి మన దేశంలోనే దారి ఉంది. 1999లో గుజరాత్ దూరదర్శన్‌లో 'చిత్రగీత్' అనే పాటల కార్యక్రమానికి గుజరాతీ పాట కింద గుజరాతీ అక్షరాలే వేశారు. బ్రిజ్ కొఠారి అనే ఆయన మొదలుపెట్టిన పని. తర్వాత 'రంగోలి'లో హిందీ పాటలకీ అలాగే వేశారు. అక్షరాలు కొద్దిగా వచ్చి చదవడం గట్టిపడనివాళ్ల కోసం ఆ ఏర్పాటు. పాట ముందే నోటికొచ్చి ఉంటుంది కాబట్టి కన్ను దానంతట అదే అక్షరం వెంట పోతుంది. ఇన్నేళ్లు పాఠాలు చెప్పిన అనుభవంతో అంటున్నాను, ఒకే ముక్క మళ్లీ మళ్లీ ఇష్టంగా చూసే పిల్లాడికి చదవడం నేర్పడం పెద్ద కష్టం కాదు.

ఖర్చు సంగతి. 2024 మార్చిలో మీ శాఖే మార్గదర్శకాలు ఇచ్చింది. వినికిడి లోపం, చూపు లోపం ఉన్నవాళ్లు కూడా హాల్లో సినిమా చూడగలిగేలా క్యాప్షన్లు, ఆడియో వివరణ వంటివి ఉండాలని అందులో ఉంది. అంటే ఇకపై సినిమాలకి డైలాగ్‌కి డైలాగ్ టైమ్ వేసి రాసిన తెలుగు ఫైలు ఎలాగూ తయారవుతుంది. కష్టమైన భాగం అదే. అదే టైమింగ్ మీద ఒడియా అనువాదం చేయడానికి బరంపురంలో, జయపురంలో రెండు భాషలూ కొట్టినపిండి అయినవాళ్లు కావలసినంతమంది దొరుకుతారు. పైగా డిజిటల్ ప్రింట్‌లో సబ్‌టైటిల్స్‌ని బొమ్మలో కలిపేయాల్సిన పని లేదు, విడి ఫైలుగా పంపొచ్చు. బరంపురం హాలుకి రెండు లైన్ల వెర్షన్, హైదరాబాద్ హాలుకి ఏ లైనూ లేని వెర్షన్ వెళ్లొచ్చు. ఏది ఆడాలో హాలుకి పంపే కీలోనే, అంటే సినిమా ఫైలు తెరిచే డిజిటల్ తాళంచెవిలోనే ఉంటుంది. ఇది మీ అధికారులకి నాకంటే బాగా తెలుసు.

హాళ్లు రాష్ట్రాల పరిధి అని జవాబు రావచ్చు. నిజమే, లైసెన్సు రాష్ట్రాలదే. కానీ సెన్సార్ సర్టిఫికెట్ కేంద్రానిది, దూరదర్శన్ మీ శాఖ కిందిది. ఓ పంపిణీదారుడితో ఈ మాట అంటే, కింద అక్షరాలు పడితే ఫ్యాన్స్ గోల చేస్తారన్నాడు. ఫస్ట్ డే ఫస్ట్ షో వదిలేయండి, ఆ రోజు ఈలల్లో డైలాగే వినపడదు, అక్షరాలెవరు చూస్తారు! రెండో వారం నుంచి వేయండి. చిన్న ఊళ్ల హాళ్లు ఇప్పటికే సగం కల్యాణమండపాలయ్యాయి. వంద రూపాయల లోపు టికెట్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గించి కొంత ఊపిరి పోశారు. ఒడియా లైను పడితే వాటికి కొత్త ప్రేక్షకులూ వస్తారు.

ఒడియా సినిమా వైపు నుంచి కూడా చూడాలి. మేం ఇక్కడ పుట్టి పెరిగినా మాలో చాలామందికి ఒడియా సినిమా అంటే టీవీలో ఛానల్ మార్చేటప్పుడు కనపడేదే. ఒడిశా ఏర్పడిన 1936లోనే మొదటి ఒడియా టాకీ 'సీతా బిబాహ' వచ్చింది. నీరద్ మహాపాత్ర తీసిన 'మాయా మృగ' 1984 నాటిది, కాన్స్ దాకా వెళ్లింది. ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ దాన్ని బాగుచేస్తే 2024లో ఇటలీలోని బొలోనియాలో జనం చూశారు. తెలుగు లైను వేసి మా పర్లాకిమిడిలో, అటు కాశీబుగ్గలో ఆడించండి. ఉమ్మడి కుటుంబం విడిపోయే కథ ఒడియావాళ్లకే పరిమితమా?

మా కొండల్లోని గిరిజనులు సవరల కోసం మూడో లైను అడగాలని నోటిదాకా వచ్చింది. పర్లాకిమిడిలో టీచరుగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకుని, 1931లో దానికి వ్యాకరణం అచ్చువేయించారు. ఆ ఊరి పక్కన ఉండి సవరల మాట ఎత్తకపోతే ఎలా? కానీ తెర మీద మూడు లైన్లు పడితే బొమ్మ కనపడదు. అందుకని వాళ్ల పాటల్ని వాళ్ల భాషలో అక్షరాలతో డీడీ ఒడియాలో వారానికొకసారైనా వేయించండి.

హాళ్ల దాకా రావడానికి సమయం పడుతుందంటే ముందు మీ ఇంటి నుంచే మొదలుపెట్టండి. డీడీ సప్తగిరి, డీడీ యాదగిరి, డీడీ ఒడియాల్లో వచ్చే సినిమా పాటలకి రెండు లైన్లు వేయడానికి ఏ నిర్మాతనీ బతిమాలక్కర్లేదు. ముహూర్తం కావాలంటే ఏప్రిల్ 1 ఉత్కళ దిబస ఉంది, గిడుగువారి పుట్టినరోజు ఆగస్టు 29 ఉంది. రెంట్లో ఏది ముందొస్తే దానికి పెట్టండి.

ఇట్లు,
గజపతి జిల్లా నుంచి
ఒక రిటైర్డ్ లెక్కల టీచర్