వార్షిక నివేదిక: పండుగలు, పద్దులు, బైరన్ ఇల్లు

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, దసరా, దీపావళి ఎప్పటిలాగే జరిగాయి. ఫోటోలు అందరూ చూసే ఉంటారు, కాబట్టి వాటి జోలికి పోను. ఈ ఏడాది కొత్తగా చేసిందల్లా వేసవి యాత్ర.

బీచ్‌కి పోదామన్నవాళ్లే ఎక్కువ. అయినా కమిటీ పట్టుబట్టి నాటింగ్‌హామ్‌కి ఉత్తరాన ఉన్న న్యూస్టెడ్ అబీకి తీసుకెళ్లింది. "పాత గోడలు చూడ్డానికి కోచ్ దండగ" అంటూ నాకు ఫోన్లు కూడా వచ్చాయి. కోచ్ గంట ఆలస్యంగా వచ్చింది. మేం టెన్షన్‌తో రోడ్డు వైపు చూస్తుంటే, పిల్లలు ఈలోగా పులిహోర గిన్నె సగం ఖాళీ చేశారు.

12వ శతాబ్దంలో రెండో హెన్రీ రాజు సన్యాసుల కోసం పెట్టిన మఠం అది. ఎనిమిదో హెన్రీ మఠాలన్నీ మూయించాక 1540లో బైరన్ వంశం కొనుక్కుంది. చర్చి ముందు గోడ ఇంకా నిలబడే ఉంది. కానీ దాని వెనక చర్చి లేదు, పెద్ద కిటికీలోంచి ఆకాశమే కనబడుతుంది. ఆ వంశంలో పుట్టిన ఇంగ్లిష్ కవి లార్డ్ బైరన్‌కి పదేళ్లప్పుడు, 1798లో, బిరుదుతో పాటు ఈ శిథిలమైన ఇల్లూ దక్కింది. తను ఉండటానికి కొన్ని గదులు బాగుచేయించుకున్నాడు. ఎలుగుబంటిని పెంచాడు. అప్పులు మాత్రం తీర్చలేకపోయాడు. చివరికి 1817లో 94,500 పౌండ్లకు తనతో చదువుకున్న థామస్ వైల్డ్‌మన్‌కి అమ్మేశాడు. "అప్పు చేసి పప్పు కూడు" అన్నారు మన పెద్దాయన ఒకరు. 1931 నుంచి ఆ ఇల్లు నాటింగ్‌హామ్ నగరానిది.

పిల్లలకు బాగా నచ్చింది కుక్క సమాధి. రేబిస్‌తో 1808లో చనిపోయిన బోట్‌స్వెయిన్‌కి బైరన్ పెద్ద స్మారకం కట్టించాడు. కవి సమాధి చూడాలంటే దగ్గర్లోని హక్‌నల్ చర్చికి వెళ్లాలి, అక్కడ నేల మీద ఒక పలక మాత్రమే ఉంటుంది.

అంతవరకూ ఫోన్లలో తలదూర్చిన మన సాఫ్ట్‌వేర్ సభ్యులు కదిలింది అక్కడే. కంప్యూటర్ ఇంకా పుట్టకముందే దానికి ప్రోగ్రాం రాసిందని చెప్పుకునే ఏడా లవ్‌లేస్ బైరన్ కూతురు. పసికందుగా ఉన్నప్పుడే తండ్రికి దూరమైంది, మళ్లీ ఆయన్ని చూడలేదు. పెద్దయ్యాక 1850లో ఈ ఇంటికి వచ్చి చూసింది. రెండేళ్లకు చనిపోతే, తను కోరినట్టే హక్‌నల్‌లో తండ్రి పక్కన ఉంచారు. ఆ చర్చిలో మనవాళ్లు అంత సేపు నిలబడతారని నేను అనుకోలేదు.

జమాఖర్చులు సర్వసభ్య సమావేశంలో కోశాధికారి చదువుతారు. చందా బాకీ ఉన్నవాళ్లు ఆ రోజే కట్టేయండి. వచ్చే ఏడాది ఎక్కడికో కూడా అప్పుడే తేలుద్దాం. బీచ్ పార్టీ ముందు వరసలో కూర్చోవచ్చు.

— కార్యదర్శి