పిల్లులూ కుక్కలూ నిజంగానే కురిశాయా?

తల్లిదండ్రులకు నమస్కారం.

మొన్న ఏడో తరగతి ఇంగ్లిష్ నోట్‌బుక్‌లు దిద్దుతుంటే ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘ఇట్ ఈజ్ రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ అన్నదానికి ఒక అబ్బాయి ‘పిల్లులూ కుక్కలూ కురుస్తున్నాయి’ అని రాసి, పక్కనే గొడుగు మీద వెల్లకిలా పడ్డ పిల్లి బొమ్మ కూడా వేశాడు. బొమ్మకు మార్కులు లేవు కానీ నవ్వు ఆపుకోలేకపోయాను. అర్థమంటారా, మన కుండపోత వానే.

పిలిచి చెబితే, ‘మరి ఎందుకలా అంటారు మేడమ్?’ అన్నాడు. ఏళ్ల తరబడి క్లాసులో చెబుతున్న కథే ఎత్తుకోబోయాను. పూర్వం ఇంగ్లండులో గడ్డి కప్పుల మీద పిల్లులూ కుక్కలూ పడుకునేవట, గట్టి వానకు జారి కింద పడేవట! 1999లో ఈమెయిళ్లలో తెగ తిరిగిన కథ ఇది. ఇప్పుడు వాట్సాప్‌లో తిరుగుతోంది, మన స్కూలు గ్రూపులోకీ వచ్చింది. ఆ రోజెందుకో నోరు రాలేదు. నేను పెరిగింది పూరింట్లోనే. చినుకు పడిందంటే మా పిల్లి లోపలికి దూరి, పొయ్యిలోని వెచ్చటి బూడిదలో ముడుచుకునేది. తడిసే కప్పు మీద కూర్చోవడం ఎన్నడూ చూడలేదు. ఇంకా వంట మొదలుకాని ఇంటిని ‘పొయ్యిలో పిల్లి లేవలేదు’ అంటామంటే ఊరికే అంటామా? ఇక కుక్క ఇంటి కప్పెక్కడం ఒకటి!

సాయంత్రం కూర్చుని వెతికాను. 1651లోనే వేల్స్ కవి హెన్రీ వాన్ కుక్కలు, పిల్లుల జడివాన గురించి రాశాడు. గలివర్ కథ రాసిన జొనాథన్ స్విఫ్ట్ 1738లో, పెద్దింటివాళ్ల అరిగిపోయిన మాటలను వెక్కిరిస్తూ తెచ్చిన పుస్తకంలో ఇది దాదాపు ఇప్పటి రూపంలోనే ఉంది. అంటే అప్పటికే పాతబడిన మాటన్నమాట! ఆయనే 1710లో లండన్ వాన మీద రాసిన పద్యంలో చచ్చిన పిల్లులు, మునిగిపోయిన కుక్కపిల్లలు మురుగునీటిలో కొట్టుకొస్తాయి. ఈ మాట అక్కడే పుట్టిందని కొందరంటారు. కానీ వాన్ రాసింది అంతకు దాదాపు అరవై ఏళ్ల ముందు. అసలు పుట్టుక ఎక్కడో భాషావేత్తలు ఈనాటికీ తేల్చలేదు.

మర్నాడు క్లాసులో ఇదంతా చెప్పాను. ఇన్నాళ్లూ నేను చెప్పింది తప్పని కూడా ఒప్పుకున్నాను. పిల్లలకు ఆ రెండోదే ఎక్కువ నచ్చినట్టుంది, చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు మీకో చిన్న పని. ఇంట్లో అమ్మమ్మ, నాయనమ్మ, తాతయ్యలు వాన గురించి అనే మాటలు పిల్లల చేత అడిగించి, శనివారానికి నోట్‌బుక్‌లో రాయించి పంపండి. తుంపర, ముసురు, జడివాన మా దగ్గర ఉన్నాయి, అవి వద్దు. గొడుగు మీద పిల్లి బొమ్మను నోటీసు బోర్డుకు పెట్టాం, వచ్చినప్పుడు చూడండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు