25 రోజులుగా నా టోకెన్‌లో అవే మనుషులు

గౌరవనీయులైన సింగపూర్ ప్రభుత్వ మంత్రివర్యులకు,

మీ దేశంలో ఆరేళ్ళుగా నిర్మాణ పనుల్లో ఉన్న ఒక తెలుగు కార్మికుడు నమస్కరించి రాసుకుంటున్న లేఖ ఇది. కోవిడ్ వ్యాపించిన 2020 ఏప్రిల్ నుంచి, డార్మిటరీల్లో, అంటే వలస కార్మికుల వసతి గృహాల్లో ఉండే మమ్మల్ని పనికి తప్ప ఊళ్ళోకి వెళ్ళనివ్వడం లేదు. ఇంతకు ముందు మూడు వినతిపత్రాలు పంపుకున్నాను. మూడూ ఇంగ్లీషులోనే రాసి, తెలిసినవారి చేత తప్పులు దిద్దించి మరీ పంపాను. మూడింటికీ అందినట్టు తెలిపే సంఖ్యలు వచ్చాయి తప్ప జవాబు రాలేదు. నాలుగోదాన్ని నా భాషలో రాసి నలుగురి ముందూ పెడుతున్నాను. నాతోపాటు డార్మిటరీల్లో ఉంటున్న తెలుగువాళ్ళు చదివి ఇందులో తప్పుంటే చెబుతారు. ఫోనులో ప్రతివారం “ఇంకా బయటికి వెళ్ళనివ్వడం లేదా” అని అడిగే మా ఇళ్ళవాళ్ళకు కూడా ఒక్కసారిగా విషయం తెలుస్తుంది.

నేను అడగదలచింది 2020 డిసెంబరు 14 నాటి మాట గురించి. 2021 మొదటి మూడు నెలల్లోనే కొన్ని డార్మిటరీల కార్మికులను ప్రయోగాత్మకంగా నెలకు ఒకసారి ఊళ్ళోకి వెళ్ళనిస్తామని ప్రభుత్వం ఆ రోజు ప్రకటించింది. క్రమం తప్పకుండా పరీక్షలు చేయించుకోవాలి, టోకెన్ అనే చిన్న జాడ పరికరం ధరించాలి, దూరం పాటించాలి అని షరతులు పెట్టింది. ఆ షరతుల్లో ఒక్కదానికీ నాకు అభ్యంతరం లేదు. ఆ రోజు రాత్రి మా గదిలో 12 మందిమి ఎవరు ముందు వెళ్ళాలో వంతులు కూడా వేసుకున్నాం. మార్చి వెళ్ళిపోయింది, జూన్ వెళ్ళిపోయింది, ఇప్పుడు ఆగస్టు కూడా సగం దాటింది. ఆ వంతుల కాగితం ఇంకా బీరువా తలుపుకు అంటించే ఉంది.

షరతులు మేము ఎలా పాటించామో చెప్పుకోనివ్వండి. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఒంటి వేడి చూసుకుని యాప్‌లో నమోదు చేస్తున్నాం. మొదట్లో 14 రోజులకొకసారి అని మొదలైన ముక్కు పరీక్షలు ఎన్ని అయ్యాయో లెక్కపెట్టడం మానేశాం. టీకా రెండు డోసులూ వేయించుకున్నాం. పనిచోట గేటు దగ్గర, డార్మిటరీ గేటు దగ్గర, క్యాంటీన్ దగ్గర నమోదు చేసుకునే లోపలికి వెళుతున్నాం. మా మురుగునీటిని సైతం పరీక్షించి వైరస్ జాడ వెతికారు. మంచిదే, అది మా ప్రాణాల కోసమూ చేసిన పనే. వీటన్నిటికీ తోడు టోకెన్ ఉండనే ఉంది. నిద్రలో తప్ప అది నా ఒంటి మీద నుంచి దిగదు.

ఆ టోకెన్ ఏం చేస్తుందో మీకు నేను చెప్పనక్కరలేదు. అది ఎక్కడున్నానో చూడదు, దగ్గర ఎవరున్నారో మాత్రం బ్లూటూత్‌తో గుర్తు పెట్టుకుంటుంది, 25 రోజులు దాచుకుని ఆపైన తుడిచేస్తుంది. మంత్రిగారూ, నా టోకెన్‌ను ఒక్కసారి తెప్పించుకుని తెరిచి చూడమని వేడుకుంటున్నాను. 25 రోజుల్లో అందులో మీకు కనబడేది గదిలోని 11 మంది, లారీలో నా పక్కన కూర్చునేవాళ్ళు, సైటులో నాతో ఇనుము కట్టేవాళ్ళు, గేటు దగ్గర కాపలా ఉండే ఇద్దరు. అంతకు ముందు 25 రోజులూ వీళ్ళే. దానికి ముందూ వీళ్ళే. ఒక మనిషి కొత్తవాళ్ళను కలుస్తాడు కాబట్టి ఎవరిని కలిశాడో వెతికి పట్టుకోవడానికి తయారుచేసిన పరికరం అది. 16 నెలలుగా కొత్త మనిషినే కలవనివ్వని నాకు దాన్ని తొడిగి, అది తొడిగాక కూడా గేటు తెరవకపోతే, దాని అవసరం ఏమిటో నాకు అర్థం కావడం లేదు. జాడ తెలిస్తే బంధించనక్కరలేదన్నది కదా ఈ ఏర్పాటు మొత్తానికి మూలం? ఊళ్ళో వాళ్ళ విషయంలో అదే జరిగింది. టోకెన్ చూపించి మార్కెట్‌కు వెళుతున్నారు, గుడికి వెళుతున్నారు, సినిమాకు వెళుతున్నారు. అలాంటి జాడ పరికరమే నా దగ్గరా ఉంది. మా లారీ రోజూ సెరంగూన్ రోడ్డు మీదుగానే పోతుంది. శ్రీనివాస పెరుమాళ్ గోపురం కనబడగానే మావాళ్ళు లారీలోంచే చేతులు జోడిస్తారు. దిగి లోపలికి వెళ్ళి 16 నెలలు దాటింది.

ఈ దేశానికి జాడ తీయడం చేతకాదని ఎవరూ అనలేరు. 2003లో సార్స్ అనే అంటువ్యాధి వచ్చినప్పుడు 238 మందికి సోకి 33 మంది చనిపోయిన అనుభవం నుంచి నేర్చుకున్న దేశం ఇది. 2020 జనవరి 23న మొదటి కోవిడ్ కేసు బయటపడిన సుమారు నెల రోజులకే, రెండు చర్చిలలో విడివిడిగా పుట్టినట్టు కనిపించిన కేసుల మధ్య తెగిపోయిన లంకెను రక్తంలోని యాంటీబాడీల పరీక్షతో పట్టుకున్నారు. రెండు చోట్లకూ వ్యాధి పాకిన దారి చైనా కొత్త సంవత్సరపు విందులో కలిసిందని తేల్చారు. అప్పటికే కోలుకున్న మనిషిని కూడా వెనక్కి వెళ్ళి గుర్తించారు. ఆ వార్త చదివి నేను ఈ దేశంలో ఉన్నందుకు ధైర్యపడ్డాను. కొన్ని వందల చదరపు కిలోమీటర్ల దేశంలో ఒక్క విందు దాకా వెళ్ళగలిగిన చూపు అది.

ఆ ఫిబ్రవరిలోనే సెలెటార్ దగ్గరి నిర్మాణ స్థలంలో పనిచేసే బంగ్లాదేశ్ కార్మికులకు అయిదుగురికి వ్యాధి సోకింది. వాళ్ళను కూడా జాడ తీశారు, వాళ్ళతో మెలిగినవాళ్ళను వేరుగా ఉంచారు. కానీ ఒకే గదిలో పది పన్నెండు మంది పడుకునే చోట, వందలమంది వాడే వంటగదులూ స్నానాల గదులూ ఉన్న చోట, దగ్గర మెలిగినవాళ్ళంటే ఎవరని గీత గీస్తారు? ఆ ప్రశ్న ఆనాడే వేసుకుని ఉంటే ఏప్రిల్ అలా ఉండేది కాదని నా నమ్మకం. ఏప్రిల్ 5న పుంగోల్, తోగువాన్‌లలోని రెండు పెద్ద డార్మిటరీలను మూసి అందరినీ లోపలే ఉంచారు. 20వ తేదీన ఒక్కరోజే 1,426 కేసులు వచ్చాయి, వాటిలో చాలా భాగం మావే. డిసెంబరు 14న ఆ వాగ్దానంతోపాటే మరో లెక్క కూడా వెలువడింది. డార్మిటరీల్లో ఉంటున్న సుమారు 3,23,000 మందిలో 47 శాతం మందికి అప్పటికే వ్యాధి సోకి ఉన్నట్టు తేలింది. పరీక్షలో దొరికినవాళ్ళు 54,505 మంది. మిగిలిన 98 వేలమందికి పైగా సోకిన సంగతి తర్వాత చేసిన రక్త పరీక్షల్లో బయటపడింది. అంటే మాలో దొరికినవారి కంటే దొరకనివారే ఎక్కువ. వాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఎప్పుడు సోకిందో నాకే తెలియదు. ఏప్రిల్ చివర్లో రెండు రోజులు ఒళ్ళు నొప్పులు వచ్చాయి, అది పని అలసట అనుకున్నాను.

ఈ లెక్కను మీ ముందు పెట్టడం నిష్ఠూరం కోసం కాదు. పడకల మధ్య దూరం పెంచారు, కొత్త గదులకు 10 పడకలే ఉండాలని నియమం తెచ్చారు, వైద్యం ఉచితంగా అందించారు. వాటికి కృతజ్ఞతలు చెప్పుకోకపోతే నేను మనిషిని కాను. కానీ వ్యాధి ఇంతగా పాకడానికి కారణం మేము ఊళ్ళో తిరగడం కాదు, మమ్మల్ని ఉంచిన గదులు. అలాంటప్పుడు ఆ గదుల నుంచి నెలకు నాలుగు గంటలు బయటికి వెళ్ళడాన్ని ఇంతకాలం ప్రమాదంగా చూడడం ఏ లెక్క ప్రకారమో దయచేసి చెప్పండి.

రోజువారీ ప్రకటనలో కేసులను విడదీసి చెబుతూ వచ్చారు. సమాజంలో ఇన్ని, డార్మిటరీల్లో ఇన్ని, విదేశాల నుంచి వచ్చినవి ఇన్ని అని. వ్యాధి ఎక్కడ పాకుతోందో తెలియడానికి ఆ విభజన అవసరమని ఒప్పుకుంటాను. జాడ తీసేవారికి అది కావాలి. అయితే ఏడాది పైగా ఆ పట్టిక చదివి చదివి, మేము సమాజంలో లేమన్న మాట జనం మనసుల్లో స్థిరపడిపోయింది. పగలంతా ఊళ్ళో ఇళ్ళున్న ఇంజనీర్లతో, సర్వేయర్లతో ఒకే లిఫ్టులో ఎక్కి దిగుతున్నాం, ఒకే గుక్కెడు గాలి పీలుస్తున్నాం. సాయంత్రం ఆరు గంటలకు వాళ్ళు బస్సెక్కి ఇంటికి పోతారు, మేము లారీ ఎక్కి గేటు లోపలికి పోతాం. వైరస్‌కు వాళ్ళకీ మాకూ మధ్య పగలు లేని తేడా రాత్రికి ఎలా వస్తుంది?

ఈ జూలైలో వచ్చిన కేసుల పెద్ద సమూహాలు కరాఒకే బార్ల నుంచి, జురాంగ్ చేపల రేవు నుంచి మొదలయ్యాయి. అప్పుడు దేశమంతటికీ కట్టుబాట్లు పెట్టారు. నాలుగు వారాలు గడవకముందే, టీకాలు పూర్తయినవారు అయిదుగురు కలిసి హోటల్లో కూర్చుని తినవచ్చని ఆగస్టు 10 నుంచి సడలించారు. సంతోషం. ఆ టీకాలే మేమూ వేయించుకున్నాం కదా అని మాత్రమే నా మనవి. ఈ ఏప్రిల్‌లో ఉడ్‌లాండ్స్ డార్మిటరీలో కేసులు వచ్చాయని మీ అధికారులు గుర్తు చేయవచ్చు. వచ్చాయి. వాటిని బయటపెట్టింది క్రమం తప్పని పరీక్షే. అంటే ఏర్పాటు పనిచేసింది. పనిచేసే ఏర్పాటు ఉన్నప్పుడు దాని ఫలం మాకు ఎందుకు అందదు?

ఇంకొక సంగతి నన్ను ఎక్కువగా బాధించింది. టోకెన్ సమాచారం జాడ తీయడానికే వాడతామన్న మాటకు భిన్నంగా పోలీసులు కూడా తీసుకోగలరని ఈ జనవరి 4న పార్లమెంటులో తెలిసినప్పుడు పౌరులు కలత చెందారు. పొరపాటు జరిగిందని ప్రభుత్వం పెద్ద మనసుతో ఒప్పుకుంది. ఫిబ్రవరి 2 నాటికే, ఏడు రకాల తీవ్రమైన నేరాల్లో తప్ప వాడకూడదని చట్టం చేసింది. నెల రోజుల్లో ఒక మాటను సరిదిద్దుకోగలిగిన ప్రభుత్వం ఇది. అందుకే అడుగుతున్నాను. మాకిచ్చిన మాట తప్పినందుకు చట్టం అక్కరలేదు, ఆలస్యానికి కారణం చెప్పే ఒక్క వాక్యమైనా రాకూడదా?

నా సొంత సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. మే నెలలో, ఇచ్చిన తేదీకే వెళ్ళి పరీక్ష చేయించుకున్నాను. మూడో రోజు తెల్లవారుజామున లారీ ఎక్కబోతుంటే ఫోనులో, పనికి వెళ్ళవచ్చో లేదో చూపే కోడ్ ఎర్రగా ఉంది. పనికి రావద్దన్నారు. ఫలితం పంపేశామని పరీక్ష చేసినవారు అన్నారు. మాకు రాలేదని యజమాని తరఫువారు అన్నారు. ఫోను చేసిన ప్రతిచోటా మరో నంబరు ఇచ్చారు. నాలుగు రోజులు గదిలో కూర్చున్నాను, నాలుగు రోజుల జీతం పోయింది. అయిదో రోజు పొద్దున కోడ్ దానంతట అదే పచ్చగా మారింది. ఎందుకు ఎర్రబడిందో, ఎందుకు పచ్చబడిందో ఈ రోజు వరకూ ఎవరూ చెప్పలేదు. వాళ్ళెవరో ఇక్కడ రాయను, ఎవరి మీదా ఫిర్యాదు చేయడం నా ఉద్దేశం కాదు. నా మీద ఇంత సమాచారం పోగవుతున్నప్పుడు, అందులో తప్పు దొర్లితే దిద్దమని అడగడానికి నాకొక మనిషి ఉండాలి. ఎర్ర కోడ్‌ను 24 గంటల్లో చూసి సరిచేసే ఏర్పాటు, పొరపాటు నాది కానప్పుడు పోయిన కూలి ఇప్పించే ఏర్పాటు చేయించమని ప్రార్థిస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఆ తేదీ చెప్పండి. నెలకు ఒకసారి, నాలుగు గంటలు. అందరినీ ఒకేసారి పంపమనడం లేదు. వంతుల ప్రకారం పంపండి, ఫలానా వీధికే వెళ్ళమనండి, వెళ్ళే ముందూ వచ్చాకా పరీక్ష చేయండి. మా గదిలో ఒకతనికి ఇక్కడే ఊళ్ళో ఉండే పెద్దమ్మ కొడుకు ఉన్నాడు. ఇద్దరి మధ్యా రైల్లో అరగంట దూరం. అన్నను చూడక 16 నెలలైంది. వంతుల కాగితంలో మొదటి పేరు అతనిదే, మిగతా 11 మందిమీ కలిసి రాసింది.

తేదీ ఇప్పుడే చెప్పడానికి వీలులేకపోతే, ఏ అంకె ఎంతకు చేరితే గేటు తెరుస్తారో అదైనా చెప్పండి. టీకాల శాతమా, డార్మిటరీల్లో కేసుల సంఖ్యా, మరొకటా? ఆ అంకె తెలిస్తే దాని కోసం మేమూ పాటుపడతాం. ఎదురుచూపుకు ఒక కొలత ఉంటుంది. ఏ కొలతా లేకుండా ఎదురుచూసేవాళ్ళు రాత్రుళ్ళు నిద్రపట్టక మెట్ల మీద కూర్చోవడం నేను చూస్తున్నాను. వాళ్ళలో ఒకరిద్దరి గురించి నాకు భయంగా ఉంది.

ఈ లేఖకు ఇంగ్లీషు అనువాదాన్ని నాలుగో వినతిగా ఈ రోజే పంపుతున్నాను. ఈసారి సంఖ్యతో పాటు జవాబు కూడా పంపించవలసిందిగా చేతులెత్తి వేడుకుంటున్నాను.

భవదీయుడు,
డార్మిటరీలో ఉంటున్న ఒక తెలుగు కార్మికుడు
సింగపూర్, ఆగస్టు 2021