7బెర్ అంటే జూలై కాదు

సంపాదకులకు,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో జర్మనీ చర్చిల పాత పెళ్లి రిజిస్టర్ల మీద వచ్చిన వ్యాసంలో '7బెర్' అని ఉంటే జూలై అనుకోవాలని రాశారు. అది సెప్టెంబర్. లాటిన్‌లో సెప్టెం అంటే ఏడు, రోమన్ల పాత లెక్కలో ఏడాది మార్చితో మొదలయ్యేది. అలాగే 8బెర్ అక్టోబర్, 9బెర్ నవంబర్.

గుంటూరు దస్తావేజు లేఖరికి ఈ గొడవ ఎందుకంటారేమో. 1842లో మన ఊరొచ్చి లూథరన్ మిషన్ పెట్టిన ఫాదర్ హయ్యర్ పుట్టింది జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో. మా కోడలి పుట్టిల్లు ఆ దగ్గరే. కిందటి క్రిస్మస్‌కి వచ్చినప్పుడు వాళ్ల పూర్వీకుల పెళ్లి నమోదు, 1788 నాటిది, ల్యాప్‌టాప్‌లో చూపించింది. 36 ఏళ్లు గొలుసుకట్టు రాత చదివినవాణ్ణి, ఊరుకుంటానా! వాళ్ల పాత చేతిరాతను కురెంట్ అంటారు. అందులో 'ఇ' (e) అక్షరం 'ఎన్' (n)లా ఉంటుంది. 'యు' (u) మీద చిన్న కొక్కెం పెట్టకపోతే అదీ 'ఎన్' అనే అనిపిస్తుంది.

పెళ్లికొడుకు తండ్రి పేరు 'వైలాండ్ ఆండ్రియాస్' అని కంప్యూటర్ చదివిపెట్టిందట. ఆ వైలాండ్ బాప్తిస్మం కోసం ఈ అమ్మాయి ఎనిమిది నెలలు వెతికింది. నాకు భాష రాదు గానీ పేజీలు తిప్పితే ఒకటి తట్టింది: ఊళ్లో సగంమంది తండ్రులు వైలాండ్‌లే! పాత నిఘంటువు తీయించాను. వైలాండ్ అంటే మన శుభలేఖల్లో వేసే 'కీ.శే.'! తన భాషే కదా, తెలియదా అనకండి. కీ.శే.ని విడదీసి చెప్పమంటే మన పిల్లలు ఎంతమంది చెబుతారు?

పెళ్లికూతురి ఇంటిపేరు ముల్లెరిన్ అని ఉంది. ముల్లెర్ ఇంటి ఆడపిల్ల అని అర్థం. వెతికేటప్పుడు చివరి 'ఇన్' తీసెయ్యాలి.

తేదీకి వస్తాను. పెళ్లి 7బెర్ 9న. దాని పక్కనే, మన చర్చిల్లో చదివినట్టే పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటనలు చదివిన వివరం ఉంది: ట్రినిటీ (ఈస్టర్ తర్వాత ఎనిమిదో ఆదివారం వచ్చే పండగ) తర్వాత 13, 14, 15వ ఆదివారాలు. ఇది మన తిథుల్లాంటిది, ఏ ఏటికాయేడు లెక్కగట్టాలి. 1788లో ఈస్టర్ మార్చి 23, ట్రినిటీ మే 18. అంటే ప్రకటనలు ఆగస్టు 17, 24, 31 తేదీల్లో చదివారు. ఆగస్టులో ప్రకటనలు చదివి, జూలైలో పెళ్లి ఎలా చేస్తారండీ?

సవరణ వేయండి. మీ వ్యాసం ఫోన్‌లో చూసి మా అబ్బాయి వంశవృక్షంలో తేదీ జూలై 9కి మార్చేశాడు. కోడలు నైట్ డ్యూటీలో ఉంది, ఇంకా చూడలేదు. ఆమె ఇంటికొచ్చేలోపు సెప్టెంబర్ చెయ్యరా అని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను.

ఇట్లు,
ఒక విశ్రాంత దస్తావేజు లేఖరి,
బ్రాడీపేట, గుంటూరు