అది అలక కాదు

అయ్యా,

కోనసీమ ఊళ్లలో చివరి దశలో ఉన్న మనిషి గోడవైపు తిరిగి పడుకుంటే ‘మా మీద అలిగాడు’ అని ఇంటిల్లిపాదీ కుమిలిపోతారు. చాలావరకు అది అలక కాదు. ఒంట్లో సత్తువ అడుగంటుతుంటే నిద్ర పెరుగుతుంది, మాట తగ్గుతుంది, మనవల మీద కూడా ధ్యాస ఉండదు. ఆకలీ పోతుంది. మగతలో ఉన్నవారికి బలవంతాన కొబ్బరినీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. తడి దూదితో నోరు తుడిచి, పెదాలకు కాస్త కొబ్బరినూనె రాస్తే చాలు.

‘నేనెవరో చెప్పు’ అని పరీక్ష పెట్టొద్దు. ‘నాన్నా, నేను పెద్దమ్మాయిని’ అని మీరే చెప్పి చెయ్యి పట్టుకుని కూర్చోండి. చూడవచ్చేవాళ్లను ఒకరిద్దరికి మించి లోపలికి పంపకండి. (మంచం పక్కన పొలం వాటాల మాటలు అసలొద్దు. పలకకపోయినా వినపడుతుండొచ్చు.)

ఒకటి రెండు రోజుల్లోనే ఉన్నట్టుండి మారిపోతే మాత్రం వేరు సంగతి. మూత్రం బిగిసిందా, మూడు రోజులుగా విరేచనం లేదా, జ్వరమా, కొత్త మందు మొదలైందా చూసి డాక్టరుకు చెప్పాలి. నొప్పి తగ్గడానికి ఇచ్చే మార్ఫిన్‌తో మలబద్ధకం మామూలే. విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా రోజూ ఇవ్వాలి, అంతేగాని మార్ఫిన్ సొంతంగా ఆపకూడదు. కదిలించినప్పుడు నుదురు ముడిపడితే నొప్పేమో అనుకోండి. ‘మీకు భారమయ్యాను’ అని పదేపదే అంటుంటే అది డిప్రెషన్ కావచ్చు. దానికి వైద్యం ఉంది.

– ఇళ్లకు వెళ్లి పాలియేటివ్ (తీవ్రమైన జబ్బుల్లో బాధ తగ్గించే) సేవలందించే నర్సులు, అమలాపురం